పొడుగు అబ్బాయి, చిన్న విమానం సీటు: పైలట్ కోర్సు మానేయాలా?

ఒక తల్లిగారి ప్రశ్న: మా అబ్బాయి హైట్ 6 అడుగుల 4 అంగుళాలు. పైలట్ అవ్వాలని చిన్నప్పట్నుంచీ ఒకటే పట్టు. ఈమధ్య ఒక ఫ్లయింగ్ స్కూల్‌కి వెళ్లి సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న ట్రైనింగ్ విమానంలో కూర్చుని చూశాడు. మోకాళ్లు యోక్‌కి (విమానాన్ని నడిపే స్టీరింగ్ లాంటిది) తగులుతున్నాయట, హెడ్‌సెట్ పెట్టుకుంటే తల పైకప్పుకి ఆనుతోందట. నీకు ఈ ఫీల్డ్ కుదరదు బాబూ అని అక్కడ ఒకాయన అనేశారు. వీడేమో సీటు కుషన్ తీసేసి, కింద పట్టాలు కాస్త వెనక్కి పెంచితే సరిపోతుంది, నేనే డిజైన్ చేస్తా అని బొమ్మలు గీస్తున్నాడు. పైలట్ కోర్సుకి పంపాలా, ఇంజనీరింగ్‌కి పంపాలా?

జవాబు: అమ్మా, ఒక్క 152లో కూర్చుని వచ్చి కెరీర్ తేల్చేసుకోవద్దని ముందు అబ్బాయికి చెప్పండి. ట్రైనింగ్ విమానాల్లో అది బాగా ఇరుకైనది, ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి, పొడుగైనవాళ్లు చాలామంది అందులో ఇబ్బంది పడతారు. అక్కడ ఆయన కుదరదు అన్నది ఆ విమానం వరకే తీసుకోండి, మొత్తం ఫీల్డ్‌కి కాదు.

అసలు హైట్ అనే ఒక్క నంబర్‌తో ఏదీ తేలదు. ఒకే హైట్ ఉన్న ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి, ఒకరికి నడుం పైభాగం పొడుగు కాబట్టి తల పైకి వస్తుంది, ఇంకొకరికి కాళ్లు పొడుగు కాబట్టి మోకాళ్లు ముందుకొస్తాయి, ఇద్దరి సమస్యా వేరు, పరిష్కారమూ వేరు. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్లకి కొలతలు తీసింది, గిల్బర్ట్ డేనియల్స్ అనే పరిశోధకుడు వాటిలో 10 కొలతలు తీసుకుని అన్నిట్లోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్లు ఎంతమంది అని చూస్తే ఒక్కరూ తేలలేదు. సగటు మనిషికని సీటు బిగించేస్తే ఎవరికీ సరిపోదని అలా తెలిసింది. అదే దళం నిలబడితే 64 నుంచి 77 అంగుళాలు ఉండాలి అన్న మొదటి వడపోతని 2020లో తీసేసి, ఒక్కొక్కరి కొలతలు విడిగా చూస్తోంది. కాబట్టి మీరు కూడా ఇంట్లో మూడు కొలతలు తీయండి: గోడకి ఆనుకుని నిటారుగా కూర్చుంటే సీటు నుంచి నడినెత్తి దాకా, పిరుదుల వెనక నుంచి మోకాలి చివర దాకా, సీటు నుంచి భుజం దాకా. ఫ్లయింగ్ స్కూల్‌తో మాట్లాడేటప్పుడు 6 అడుగుల 4 అంగుళాలు అని చెప్పే బదులు ఈ మూడూ చెప్పండి.

తర్వాత విమానంలో కూర్చుని చూసే పద్ధతి. ఊరికే ఎక్కి దిగితే లాభం లేదు. సీటు పూర్తిగా వెనక్కి, ఎత్తు మార్చే వీలుంటే పూర్తిగా కిందికి, బెల్టు, భుజం పట్టీ రెండూ బిగించి, హెడ్‌సెట్ పెట్టుకుని, పల్చటి అడుగున్న షూస్ వేసుకుని కూర్చోవాలి (దళసరి సోల్ అయితే మోకాలు ఇంకా పైకి లేస్తుంది, పెడల్స్ కింద కూడా ఇరుక్కుంటుంది). అప్పుడు రడ్డర్ పెడల్ (విమానం ముక్కుని పక్కకి తిప్పే కాలి పెడల్) ఒకవైపు చివరిదాకా తొక్కి, ఇంకో మోకాలు ఎంత పైకి వచ్చిందో చూడాలి. ఇప్పుడు యోక్‌ని పూర్తిగా తన వైపు లాగి, అలాగే లాగి పట్టుకుని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పాలి. యోక్ కొమ్ము తొడకి తగిలి చివరిదాకా తిరగకుండా ఆగిపోతోందా? అదే అసలు పరీక్ష. పక్క గాలిలో దిగేటప్పుడు నేలకి కొన్ని అడుగుల ఎత్తులో సరిగ్గా అలా తిప్పాల్సి వస్తుంది, అప్పుడు తొడ అడ్డం వస్తే సర్దుకునే టైం ఉండదు. మామూలుగా ఎగిరేటప్పుడు బాగానే ఉంది కదా అనుకుంటే సరిపోదన్నమాట.

తల పైన హెడ్‌సెట్‌తో కూడా పిడికిలి పట్టేంత ఖాళీ ఉంటే మంచిది, కుదుపుల్లో తల పైకప్పుకి కొట్టుకోదు. కళ్లు ఎక్కడికొస్తున్నాయో కూడా చూడమనండి, రెక్క పైనుండే విమానంలో కళ్లు రెక్క మొదలు దాకా వచ్చేస్తే పక్కకి చూపు ఆగిపోతుంది, ప్రతిసారీ తల వంచి చూడాల్సొస్తుంది. భుజం పట్టీ బిగించిన చోటు కూడా ముఖ్యం. అది భుజం కంటే బాగా కిందుంటే ప్రమాదంలో పట్టీ భుజాన్ని వెనక్కి పట్టుకోవడమే కాకుండా వెన్నెముకని కిందికి నొక్కేస్తుంది, ఈ సమస్య ఎక్కువగా వచ్చేది పొడుగువాళ్లకే.

ఇదంతా 152లో ఫెయిలైతే 172లో చూడండి, నాలుగు సీట్ల విమానం, కాస్త విశాలం. డైమండ్ డీఏ40లో పద్ధతే వేరు, సీటు కదలదు, పెడల్స్ ముందుకీ వెనక్కీ జరుగుతాయి, కాళ్లు పొడుగైనవాళ్లలో కొంతమందికి అది హాయిగా ఉంటుంది, నడుం పైభాగం పొడుగైనవాళ్లు మాత్రం పైన కనోపీ (అద్దం లాంటి పైమూత) తగులుతుందేమో చూసుకోవాలి. నా ఉద్దేశంలో మీవాడికి సరైన స్కూల్ అంటే వాడికి సరిపోయే విమానం ఉన్న స్కూలే, మిగతా విషయాలన్నీ తర్వాత.

ఇక సీటు మార్చడం సంగతి. వాడి ఉత్సాహం నాకు నచ్చింది, కానీ ఒక్క నట్టు కూడా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. సెస్నా సీట్లు పట్టాల మీద జరుగుతాయి, పట్టాకి ఉన్న రంధ్రాల్లో పిన్ను దిగి సీటుని పట్టుకుంటుంది. ఆ రంధ్రం అరిగినా, పిన్ను పూర్తిగా దిగకపోయినా, టేకాఫ్‌లో ముక్కు పైకి లేస్తుంటే సీటు ఒక్కసారిగా వెనక్కి జారిపోతుంది, చేతిలో ఉన్న యోక్ కూడా మనిషితో పాటే వెనక్కి వచ్చేస్తుంది, దాంతో ముక్కు ఇంకా లేచి విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతాయి, కాళ్లేమో పెడల్స్‌కి అందవు. ఇలా ప్రమాదాలు జరిగాకే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 1987లో ఈ పట్టాల తనిఖీ తప్పనిసరి చేసింది, 2011లో ఆ ఆదేశాన్ని కొత్తగా మళ్లీ ఇచ్చింది, ప్రతి 100 గంటలకో 12 నెలలకో పట్టాలు, రంధ్రాలు, పిన్నులు, రోలర్లు చూడాల్సిందే. సీటు జారినా ఆపేలా రెండో స్టాప్ కూడా తయారీ కంపెనీయే తెచ్చింది. అలాంటి పట్టాని రెండంగుళాలు పెంచేద్దాం అంటే ఎంత దూరం ఆలోచించాలో చూడండి.

కుషన్ కూడా అంతే, మెత్తగా కనిపిస్తుంది కానీ అదీ సేఫ్టీ పరికరమే. 1988లో అమెరికాలో వచ్చిన రూల్‌తో కొత్తగా సర్టిఫై చేసే చిన్న విమానాల పైలట్ సీటుని డమ్మీతో పరీక్షించడం మొదలైంది, ముందుకి 26 జీ (అంటే మామూలు బరువుకి 26 రెట్ల తాకిడి), కింది నుంచి వచ్చే దెబ్బకి 19 జీ, ఆ దెబ్బలో నడుం దగ్గర వెన్నెముక మీద పడే భారం 1,500 పౌండ్లు, అంటే దాదాపు 680 కిలోలు దాటకూడదు. సిర్రస్ విమానాల్లో సీటు అడుగున అల్యూమినియం తేనెపట్టు లాంటి పొర పెట్టారు, దెబ్బ తగిలితే అది నలిగి మనిషి మీద పడే భారాన్ని తగ్గిస్తుంది, అందుకే సీటు మీద మోకాళ్లు వేయొద్దు, నిలబడొద్దు అని మాన్యువల్‌లోనే రాసుంటుంది. తల తగులుతోందని ఫోమ్ తీసేసినా, హాయిగా ఉంటుందని ఇంకా మెత్తటిది వేసినా, ఆ లెక్క మొత్తం మారిపోతుంది. మరీ మెత్తటి ఫోమ్ అయితే దెబ్బలో ఒక్కసారిగా అణిగిపోయి మనిషి గట్టి అడుగుకి కొట్టుకుంటాడు. పైగా బట్ట, ఫోమ్ రెండూ మంటకి తట్టుకునేవి అయ్యుండాలి.

మరి పొడుగువాళ్ల కోసం ఎవరూ సీట్లు మార్చరా అంటే మారుస్తారు, దానికో దారుంది. ఆ మోడల్‌కి ముందే ఆమోదం పొందిన కిట్ ఉంటే, ఆ ఆమోదాన్ని సప్లిమెంటల్ టైప్ సర్టిఫికేట్ అంటారు, లైసెన్స్ ఉన్న మెకానిక్ చేత వేయించి లాగ్‌బుక్‌లో రాయిస్తారు, లేకపోతే ఆ ఒక్క విమానానికే విడిగా ఆమోదం తెచ్చుకోవాలి. ఇదంతా విమానం ఓనర్ చేసే పని, స్కూల్ విమానంలో స్టూడెంట్ చేసేది కాదు. ఇంట్లో కట్టుకునే ఎక్స్‌పెరిమెంటల్ విమానాల్లో కట్టేవాళ్లకి చాలా స్వేచ్ఛ ఉంటుంది, కానీ వెన్నెముక మీద పడే భారం అక్కడా అదే.

ఇక ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం సంగతి. పెద్ద విమానాల డిజైన్‌కి అమెరికా రూల్ ఒకటుంది, 5 అడుగుల 2 అంగుళాల నుంచి 6 అడుగుల 3 అంగుళాల దాకా ఎవరు బెల్టు పెట్టుకుని కూర్చున్నా కంట్రోల్స్ అడ్డం లేకుండా పూర్తిగా కదలాలి. మీవాడు దానికి ఒక్క అంగుళమే ఎక్కువ, పైగా ఆ రూల్ డిజైనర్‌కి పెట్టింది, పైలట్‌కి పెట్టిన లిమిట్ కాదు. ఎయిర్‌లైనర్ కాక్‌పిట్‌లో సీటు ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ జరుగుతుంది, పెడల్స్ కూడా జరుగుతాయి, 152లో పడ్డ అవస్థ అక్కడ ఉండకపోవచ్చు. అయితే కొన్ని కంపెనీలు సొంతంగా హైట్ నిబంధన పెట్టుకుంటాయి, వాడు చేరాలనుకునే రెండు మూడు చోట్ల రాతపూర్వకంగా అడగండి, క్లాస్ 1 మెడికల్ (పైలట్ ఉద్యోగానికి చేసే వైద్య పరీక్ష) కూడా కోర్సు ఫీజు కట్టకముందే చేయించండి. యుద్ధ విమానాల వైపు ఆలోచనుంటే మాత్రం అది వేరే సంగతి, ఎజెక్షన్ సీటులో బయటికి విసిరేసేటప్పుడు మోకాళ్లు ముందున్న ప్యానెల్‌కి తగలకూడదు కాబట్టి తొడ పొడవు దగ్గర రాజీ ఉండదు.

ఇంజనీరింగా పైలటా అన్నది వాడి బొమ్మలు చూస్తే కొంత తెలుస్తుంది. ఎలాగైనా నేను అందులో పట్టాలి అన్న ఆరాటమే కనిపిస్తే వాడు పైలటే, సరైన విమానం దొరగ్గానే బొమ్మలు పక్కన పడేస్తాడు. అలా కాకుండా పిన్ను ఎక్కడ దిగుతుంది, బరువు ఎటు పోతుంది అని వాడే తవ్వుకుంటూ పోతుంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అదొక పూర్తి వృత్తి. మెకానికల్, ఏరోనాటికల్, ఇండస్ట్రియల్ డిజైన్, మనిషి శరీరానికి యంత్రాన్ని కుదిర్చే ఎర్గోనామిక్స్, ఏ వైపు నుంచైనా అక్కడికి చేరొచ్చు, పైలట్ సీట్లు చేసే ఐపెకో, ప్రయాణికుల సీట్లు చేసే రెకారో, సఫ్రాన్ లాంటి కంపెనీల్లో ఈ పనే రోజంతా చేస్తారు. మెషీన్ మీద చేయి పెట్టడం ఇష్టమైతే విమాన మెయింటెనెన్స్ లైసెన్స్ దారి కూడా ఉంది. ఇంజనీరింగ్ చదివి తర్వాత ఫ్లయింగ్‌కి వెళ్లినవాళ్లూ ఉన్నారు కాబట్టి ఒకటి ఎంచుకుంటే రెండోది పోతుందన్న బెంగ వద్దు.

వాడికి ఒక లెక్క ఇవ్వండి. 90 కిలోల బరువున్న పైలట్ 5 సెంటీమీటర్లు వెనక్కి జరిగి కూర్చుంటే, మొత్తం 1,000 కిలోలున్న విమానం గురుత్వ కేంద్రం (బరువంతా సమతూకంగా నిలిచే చోటు) ఎంత జరుగుతుంది? జవాబు 0.45 సెంటీమీటర్లు, చిన్నదే. కానీ వెనక సీట్లో మనుషులు, లగేజీ ఉన్నప్పుడు అది మాన్యువల్‌లోని హద్దు దాటుతుందా లేదా అన్నది వాడే 172 మాన్యువల్ తీసుకుని వేసి చూడాలి. ఆ పేజీలతో వాడు ఎంతసేపు కూర్చుంటాడో గమనించండి. 172లో, డీఏ40లో కూర్చుని వచ్చాక ఆ మూడు కొలతలూ, యోక్ ఎక్కడ ఆగిందో ఒక ఫోటో, మెడికల్ రిజల్ట్ కలిపి నాకు పంపండి, ఏ స్కూల్ అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.