టైమింగ్ చైన్ మార్చబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ పాత కారు టైమింగ్ చైన్ ఇంట్లోనే మార్చాలనుకుంటున్నానని రాశావు. చెయ్యొచ్చు, భయపడాల్సిన పని కాదు. కాకపోతే రెండు పూర్తి రోజులు కేటాయించుకో. సాయంత్రానికి బండి కావాలన్న తొందర ఉంటే ఆ రోజు మొదలుపెట్టకు. ఈ పనిలో బలం కావల్సింది ఇంజిన్ ముందున్న ఒక్క పుల్లీ బోల్టు దగ్గరే. మిగతాదంతా ఈ చైను కలిపే రెండింటికీ, అంటే పిస్టన్లతో తిరిగే క్రాంకుకీ వాల్వులు తెరిచే క్యాముకీ, మధ్య ఉన్న లెక్క చెడకుండా చూసుకోవడం. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలి, అదీ సరైన చోట మొదలై తిరగాలి. క్రాంక్ స్ప్రాకెట్‌కి, అంటే చైను పట్టే పళ్ళ చక్రానికి, 20 పళ్ళు ఉన్నాయనుకో, ఒక్క పన్ను తప్పితే క్రాంకు లెక్కలో 18 డిగ్రీలు తేడా వస్తుంది. అంత తేడాతో కొన్ని ఇంజిన్లు నీరసంగా నడుస్తాయి, కొన్నింటిలో వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని వంగిపోతాయి. నీది రెండో రకమే అనుకుని పని చెయ్యి.

ముందు తప్పు చైనుదేనని తేల్చుకో. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందు భాగంలో గలగలమని మోగి, ఆయిల్ ప్రెషర్ అందగానే రెండు మూడు సెకన్లలో తగ్గిపోతే చైను వదులు తీసి పట్టే టెన్షనర్‌నీ చైన్‌నీ అనుమానించాలి. ఆల్టర్నేటర్ బేరింగూ, వాటర్ పంపూ కూడా ఇంచుమించు అలాగే అరుస్తాయి. అందుకని వాటిని తిప్పే బెల్టు తీసేసి ఒక్క అర నిమిషం నడిపి చూడు. శబ్దం పోయిందంటే చైను జోలికి వెళ్ళక్కర్లేదు. క్యామ్ బ్లాకులోనే (సిలిండర్లున్న దిమ్మలోనే) ఉండి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని అదే క్యామ్ తిప్పే పాత ఇంజిన్ అయితే ఇంకో మంచి పరీక్ష ఉంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పుల్లీని ఇంజిన్ తిరిగే వైపే తిప్పి ఒక గుర్తు దగ్గర ఆపు. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ, మూత కింద తిరిగే రోటర్‌ని చూడు. రోటర్ కదలకముందే పుల్లీ 5 డిగ్రీల లోపు కదిలితే చైను బాగానే ఉన్నట్టు. 10 దాటితే మార్చాల్సిందే. ఈ వెనక్కి తిప్పడం ఈ పరీక్షకే, ఈ రకం ఇంజిన్‌కే. హెడ్ (సిలిండర్ల పైన ఉండే భాగం) మీద క్యామ్ ఉన్న ఇంజిన్లలో వెనక్కి తిప్పితే వదులు చైను పన్ను దాటే ప్రమాదం ఉంది.

చైను సాగిందని అంటాం కానీ ఇనుము నిజంగా సాగదు. ప్రతి లింకులో పిన్నూ బుష్షూ రాసుకుని కాస్త కాస్త అరుగుతాయి. ఒక్కో కీలులో 0.02 మి.మీ. అరిగినా 100 కీళ్ళ చైనుకి 2 మి.మీ. పొడవు పెరుగుతుంది. అలా పెరిగిన పొడవు క్యామ్‌ని ఆలస్యం చేస్తుంది, అందుకే తక్కువ వేగంలో బండికి లాగుడు తగ్గుతుంది. ఆయిల్ మార్చకుండా తిప్పిన బండ్లలో ఇది తొందరగా వస్తుంది. మడ్డిలోని మసి పిన్నుల మధ్య ఎమరీ పేపర్‌లా పని చేస్తుంది.

ఇంకో మాట. చైను గేర్‌బాక్స్ వైపు ఉన్న ఇంజిన్ అయితే, లేదా క్యామ్‌లు పట్టి ఉంచడానికి ప్రత్యేకమైన లాకింగ్ టూల్స్ తప్పనిసరి అయిన ఇంజిన్ అయితే ఇంట్లో పెట్టుకోకు. అది ఇంజిన్ దించాల్సిన పనో, టూల్స్ అద్దెకు తెచ్చుకోవాల్సిన పనో అవుతుంది. ముందువైపు చైను ఉన్న సాదా ఇంజిన్ గురించే ఈ ఉత్తరం.

సామాను అంతా చేతికొచ్చాకే బోల్టు విప్పు. చైను, రెండు స్ప్రాకెట్లు, టెన్షనర్, చైను ఆనుకుని వెళ్ళే గైడ్లు, చైనుని మూసే ముందు కవర్ ప్యాకింగ్, ముందు ఆయిల్ సీల్, ఆయిల్, ఫిల్టర్, సిలికాన్ సీలెంట్. పుల్లీ బోల్టు డిగ్రీల లెక్కలో బిగించే రకమైతే అది కూడా కొత్తది తీసుకో, ఆ రకం ఒకసారి సాగాక మళ్ళీ పనికిరాదు. చైను ఒక్కటే కొని పాత స్ప్రాకెట్ల మీద వేద్దామనుకోకు. అరిగిన పళ్ళు కొక్కెంలా వంగి ఉంటాయి, కొత్త చైనుని కొద్ది నెలల్లోనే పాతదాన్ని చేసేస్తాయి. నీ ఇంజిన్ మాన్యువల్ పక్కన ఉండాలి. టార్క్ అంకెలు, గుర్తుల బొమ్మ దానిలోవే నమ్ము.

బ్యాటరీ నెగటివ్ తీసెయ్యి. బండిని జాకీ మీద వదలకు, స్టాండ్ల మీద నిలబెట్టు. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేస్తే క్రాంకు చేత్తో తేలిగ్గా తిరుగుతుంది, చిన్న అడ్డు తగిలినా చేతికి తెలుస్తుంది. కూలెంట్, ఆయిల్ రెండూ దించు. చాలా ఇంజిన్లలో ముందు కవర్ గుండానే నీళ్ళు వెళ్తాయి. కూలెంట్ దించకుండా కవర్ ఊడదీస్తే అదంతా ఛాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, చేరుతుంది. కవర్‌కే ఇంజిన్ మౌంటింగ్ ఉంటే, ఛాంబర్ కింద చెక్క దిమ్మ పెట్టి జాకీతో ఇంజిన్ బరువు మోయించాకే దాన్ని విప్పు.

ఇక్కడ చాలామంది వరస తప్పుతారు. ముందు టైమింగ్ గుర్తులు కలిపేసి, ఆ తర్వాత పుల్లీ బోల్టుతో కుస్తీ పడతారు. ఆ కుస్తీలో క్రాంకు కదిలిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తారు. నువ్వు ముందు బోల్టు సడలించు, తర్వాత గుర్తులు కలుపు. గేర్లు చేత్తో వేసే బండి అయితే టాప్ గేర్‌లో పెట్టి, ఒకరిని బ్రేక్ గట్టిగా తొక్కమని, పొడుగు పైపు తొడిగిన రెంచితో తిప్పు. ఆటోమేటిక్ అయితే ఫ్లైవీల్ పళ్ళకి అడ్డుపెట్టే లాక్ కావాలి. రెంచి నేలకి ఆనించి స్టార్టర్ కొట్టి విప్పే పద్ధతి గురించి వింటావు. ఆ పని చెయ్యకు. రెంచి జారితే ఎటు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు.

బోల్టు సడలాక, విప్పేయకుండా మళ్ళీ చేత్తో బిగించి, దాంతోనే క్రాంకుని ఇంజిన్ తిరిగే వైపు తిప్పు. 1వ సిలిండర్ ప్లగ్గు రంధ్రం మీద వేలు పెట్టు. గాలి వేలిని తోస్తుంటే అది కంప్రెషన్. అప్పుడు పుల్లీ గుర్తుని కవర్ మీది సున్నాకి కలుపు, అదే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే స్థానం. వాల్వ్ కవర్ తీసి ఉంటే ఇంకో రుజువు కనబడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1వ సిలిండర్ రెండు వాల్వులూ వదులుగా ఉంటాయి, 4వ సిలిండర్‌లో ఒక వాల్వు మూసుకుంటూ రెండోది తెరుచుకోబోతూ ఉంటుంది. ఈ స్థితిలో డిస్ట్రిబ్యూటర్ రోటర్ ఎటు చూస్తోందో ఫోటో తీసుకో.

పుల్లీని బయటి అంచు పట్టుకుని లాగే పుల్లర్‌తో లాగకు. లోపలి బొడ్డుకీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది, రింగు పట్టి లాగితే ఆ అతుకు ఊడుతుంది. బొడ్డులో ఉన్న మరల్లోకి బోల్టులు బిగించి లాగే పుల్లర్ వాడు. పుల్లీ వచ్చాక దాని మెడ మీద గోరుతో గీసి చూడు. పాత సీల్ ఆనిన చోట గోరు తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీల్ కూడా కారుతుంది, సన్నటి రిపేర్ స్లీవ్ తొడగాలి. పుల్లీ క్రాంకు మీద జారకుండా పట్టే చిన్న అర్ధచంద్రపు కీ ఊడి ఛాంబర్‌లో పడకుండా చూసుకో.

కవర్ బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టు. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో వేస్తే అల్యూమినియం పగులుతుంది. కింద ఛాంబర్ నుంచి కవర్‌లోకి ఎక్కే బోల్టులు మర్చిపోయి కవర్‌ని స్క్రూడ్రైవర్‌తో పెకిలించేవాళ్ళు ఎక్కువ. కదలకపోతే బోల్టు ఏదో మిగిలి ఉందనే అర్థం.

కవర్ తీశాక ఏమీ కదపకు. స్ప్రాకెట్ల మీది గుర్తులు మాన్యువల్ బొమ్మతో సరిపోల్చు. ఇప్పుడు పాత చైను మీద రెండు స్ప్రాకెట్ల గుర్తుల ఎదురుగా తెల్ల పెయింట్ చుక్కలు పెట్టి, బిగుతు వైపున రెండు చుక్కల మధ్య ఎన్ని పిన్నులున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. గుర్తు కోసం కంపెనీ రంగు వేసిన లింకులు వెలిసిపోయి ఉన్నా ఈ అంకె నిన్ను కాపాడుతుంది. ఫోటో కూడా తీసుకో, కానీ ఫోటో పక్క నుంచి తీస్తే గుర్తు ఒక పన్ను అటూ ఇటూ కనబడుతుంది. లెక్కనే నమ్ము.

క్యామ్ స్ప్రాకెట్ బోల్టు విప్పేటప్పుడు చైను పట్టుకుంటుందిలే అని లాగకు. హెడ్ మీది క్యామ్‌కి చాలావాటిలో ఆరు పలకల మెడ ఉంటుంది, అక్కడ స్పానర్ వేసి పట్టు. చైను ఊడాక క్రాంకునీ క్యాముని విడివిడిగా తిప్పకూడదు. క్యామ్ తిప్పక తప్పని పరిస్థితి వస్తే, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ముందు క్రాంకుని పై స్థానానికి 90 డిగ్రీలు ముందు పెట్టు. అప్పుడు పిస్టన్లన్నీ సిలిండర్ మధ్యలో ఉంటాయి, వాల్వులకి తగలవు.

పాత చైనునీ కొత్తదాన్నీ ఒకే మేకుకి వేలాడదీసి చూడు. కింది కొసల్లో తేడా కళ్ళకి కనబడుతుంది. పాతదాన్ని పక్కకి పడుకోబెట్టి ఒక కొసన పట్టుకుంటే విల్లులా వంగుతుంది, కొత్తది దాదాపు తిన్నగా నిలుస్తుంది. గైడ్ల ప్లాస్టిక్ ముక్కలు పోగేసి, అన్నీ కలిపితే పూర్తి గైడ్ అవుతోందా చూడు. ఒక్క ముక్క తక్కువైనా అది ఛాంబర్‌లో ఉంది, రేపు ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడుతుంది. అప్పుడు ఛాంబర్ దించక తప్పదు. ఆ కష్టం ఇప్పుడే పడు.

టెన్షనర్‌కి ఆయిల్ వచ్చే చిన్న రంధ్రంలో గాలి కొట్టి శుభ్రం చెయ్యి. కొత్త టెన్షనర్ అంతా బాగున్నా ఆ దారి మూసుకుపోతే గలగల మళ్ళీ మొదలవుతుంది. రెండు స్ప్రాకెట్ల ముఖాల మీద తిన్నని ఉక్కు బద్ద ఆనించి, ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడు. పాత ఇంజిన్లు కొన్నిటిలో క్రాంక్ స్ప్రాకెట్ వెనక పల్చటి షిమ్‌లు (రేకు బిళ్ళలు) ఉంటాయి, వాటిని పారేసుకోకు.

కొత్త చైను వేసేటప్పుడు అసలు కిటుకు ఇది. టెన్షనర్ లేని వైపు, అంటే క్రాంకు లాగే వైపు, చైను పూర్తిగా బిగువుగా ఉండి గుర్తులు కలవాలి. వదులు ఎంత ఉన్నా టెన్షనర్ వైపే రావాలి. లాగే వైపు కాస్త వదులు వదిలేసి గుర్తులు కలిశాయని సంతోషిస్తే, టెన్షనర్‌ని నొక్కి పట్టి ఉంచే పిన్ను లాగగానే ఆ వదులు అటు పోయి క్యామ్ ఒక పన్ను తిరుగుతుంది. తప్పులన్నిటిలో ఎక్కువగా జరిగేది ఇదే. చైను క్లిప్పుతో కలిపే రకమైతే క్లిప్పు నోరు చైను వెళ్ళే దిశకి వెనకవైపు ఉండాలి. అన్నీ బిగించాకే టెన్షనర్ పిన్ను లాగు.

ఇప్పుడు చేత్తో క్రాంకుని ఇంజిన్ తిరిగే వైపే రెండు పూర్తి చుట్లు తిప్పు, గుర్తుల దగ్గర ఆపు. గుర్తులు కలవాలి. రంగు లింకులు మాత్రం గుర్తుల దగ్గరికి రావు, కంగారుపడకు. లింకుల సంఖ్య, పళ్ళ సంఖ్య వేరు కాబట్టి అవి మళ్ళీ కలవడానికి చాలా చుట్లు పడుతుంది. చూడాల్సింది స్ప్రాకెట్ మీది గుర్తునే. తిప్పుతుంటే మధ్యలో గట్టిగా ఆగితే బలవంతం చెయ్యకు, అది వాల్వు పిస్టన్‌కి తగలడం కావచ్చు. విప్పి మళ్ళీ చూడు. గుర్తులు కలిశాక ఇంకో రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూసినా నష్టం లేదు.

పాత ప్యాకింగ్ గీకడానికి ప్లాస్టిక్ గీకుడు వాడు, ఇనప బ్లేడు అల్యూమినియంలో గీత పెడితే అక్కడే కారుతుంది. సీలెంట్ 2, 3 మి.మీ. లావు గీత చాలు. కవర్, బ్లాకు, ఛాంబర్ మూడూ కలిసే మూలల్లో ఒక చుక్క ఎక్కువ పెట్టు. మిగతాచోట ఎక్కువైతే లోపలికి పిండుకుని, తెగి, జాలీకి చేరుతుంది. సీల్ పెదవికి ఆయిల్ రాసి, స్ప్రింగు ఉన్న వైపు లోపలికి ఉండేలా, సరైన సైజు సాకెట్ ఆనించి చుట్టూ సమంగా కొట్టు. పొడిగా ఉన్న పెదవి మొదటి స్టార్ట్‌లోనే కాలిపోతుంది. మాన్యువల్ వేరేగా చెప్పకపోతే కవర్ 6 మి.మీ. బోల్టులకి 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ. వాటికి 20 నుంచి 25. అల్యూమినియం మరలు ఒక్కసారి పోతే ఆ రోజు పని అక్కడితో ఆగిపోతుంది. పుల్లీ బోల్టుకి మాత్రం మాన్యువల్ అంకె అక్షరాలా పాటించు. అది వదులైతే కీ తెగుతుంది. బిగించాక బోల్టు తల మీదా పుల్లీ మీదా కలిపి ఒక పెయింట్ గీత పెట్టు.

కొత్త ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ నింపు. వెంటనే స్టార్ట్ చెయ్యకు. ప్లగ్గులు బయటే ఉంచి, కాయిల్ కనెక్షనూ, ఫ్యూయల్ పంపు ఫ్యూజూ తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా 10 సెకన్ల చొప్పున ఆగి ఆగి స్టార్టర్ కొట్టు. ఈ వీలులోనే కంప్రెషన్ గేజ్ పెట్టి సిలిండర్లన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో చూసుకో. ఆ తర్వాత ప్లగ్గులు వేసి స్టార్ట్ చెయ్యి. టెన్షనర్‌లోకి ఆయిల్ నిండే దాకా ఒకటి రెండు సెకన్లు మోగొచ్చు. అంతకంటే ఎక్కువ మోగితే ఆపెయ్యి. పది నిమిషాలు రైజ్ చెయ్యకుండా నడవనిచ్చి, కవర్ కింద, పుల్లీ వెనక టార్చి వేసి చూడు.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి అయితే ఇగ్నిషన్ టైమింగ్ లైట్ పెట్టి మళ్ళీ సర్దాలి. పాత వదులు చైనుకి సరిపోయేలా ఎవరో సర్ది ఉంటారు. ఇప్పుడు వదులు పోయింది కాబట్టి నిప్పు ముందుకు జరిగి ఉంటుంది, అలాగే వదిలేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది.

మొదటి వారం రోజూ డిప్‌స్టిక్కూ, పుల్లీ మీది ఆ పెయింట్ గీతా చూడు. 500 కిలోమీటర్లకి ఆయిలూ ఫిల్టరూ మళ్ళీ మార్చు, దించిన ఆయిల్‌ని గుడ్డలో వడకట్టి సీలెంట్ ముక్కలు, ప్లాస్టిక్ ముక్కలు ఏమన్నా వచ్చాయేమో చూసి నాకు రాయి.

ఇట్లు,
మీ మామయ్య