మా ఊరే మునిగిపోయింది, పిల్లలకు ధైర్యం ఎలా చెప్పను?

గండికోట జలాశయం కింద మీ ఊరు పోయిందని, ఇప్పుడు ముంపు ఊళ్లవాళ్ల ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీ బడిలో చెబుతున్నానని, పిల్లలు పాత ఊరి మాటెత్తితే మీకే గొంతు పూడుకుపోతోందని రాశారు కదా చెల్లీ. నాది వరద కథ. మా ఊరు మళ్లీ బయటపడింది, మీది పడలేదు. ఆ తేడా నాకు తెలుసు. అయినా చెబుతా.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీద పడ్డాయి. మా అద్దింట్లో ఫ్యాను దాకా నీళ్లు. నాపరాళ్ల సందుల్లో బురద ఎన్నాళ్లు గోకినా వస్తూనే ఉంది. బడి తెరిచిన రోజు చూస్తే హాజరు పట్టీ పేజీలు అట్టలా అతుక్కుపోయాయి. కొత్త పుస్తకంలో పేర్లు రాస్తుంటే మూడో తరగతి పిల్లోడు, "టీచర్, మీ ఇంట్లోకీ వచ్చిందా?" అనడిగాడు. "లేదు నాన్నా" అన్నా. వాడు నా కొంగు మీదున్న మట్టి మరక వైపు చూసి ఊరుకున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు చిన్నదానికీ పెద్దదానికీ అరిచేదాన్ని. మబ్బు పడితే చాలు, టెన్షన్.

నన్ను నిలబెట్టింది పక్క క్లాసు టీచర్. ఆమె ఇల్లూ మునిగిందే. ఎవరికి బాగాలేకపోతే వాళ్లు సైగ చేస్తే, రెండోవాళ్లు రెండు క్లాసులూ కలిపి ఎక్కాలు చెప్పించాలని అనుకున్నాం. పావుగంట, కుళాయి దగ్గర మొహం కడుక్కుని రావడానికి. హెడ్మాస్టర్‌కి చెప్పలేదు, చెబితే కాగితం అడిగేవారు.

ఒకరోజు ఆ పిల్లోడికి నిజం చెప్పేశా. వాడు వాళ్లింటి గోడ మీద నీటి గీత ఎంత ఎత్తుందో చేత్తో చూపించాడు. ఆపూట లెక్కల క్లాసంతా గీతలే. ఎవరింట్లో ఎన్ని సెంటీమీటర్లు, ఎవరిది ఎక్కువ!

పరిహారం కాగితాల కోసం సెలవు పెట్టడానికి మొహమాటపడకండి. ఆఫీసులు ఆదివారం తెరవరు. కెన్యాలోని కకుమా శిబిరంలో చాలామంది టీచర్లు తామూ శరణార్థులే, వాళ్లకిచ్చేది ఇన్సెంటివ్ అనే కొద్దిపాటి డబ్బు. మనకు జీతమన్నా ఉంది, ఒకటో తారీఖున పడినా పడకపోయినా.

నిద్ర లేకుండా వారాలు గడుస్తుంటే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2022లో మొదలైంది, మా రోజుల్లో లేదు.

మీ పాత బడి రిజిస్టర్లు తెచ్చుకోగలిగారా?