వెన్నుపాముకు నానో మందు: బైపీసీ తర్వాత ఏ దారి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. మా మేనమామ తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. వెన్నుపాము దెబ్బతిని రెండేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. నానో (కంటికి కనిపించనంత సూక్ష్మ రేణువుల) ఇంజెక్షన్‌తో కాళ్లు పడిపోయిన ఎలుకలు నడిచాయని చదివాను. నాకూ ఆ పరిశోధనే చేయాలని ఉంది. ఇంట్లో నీట్ లాంగ్‌టర్మ్ అంటున్నారు. నానో టెక్నాలజీ కోర్సులో చేరనా?

జవాబు: నువ్వు చదివింది నిజమేనమ్మా. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో శామ్యూల్ స్టప్ బృందం 2021లో ఆ ఫలితాలు ప్రచురించింది. ఆ ద్రవం ఒంట్లోకి వెళ్లగానే సన్నని పోగుల్లా అల్లుకుని, నరాలకు మళ్లీ పెరగమని సంకేతాలిస్తుంది. నాలుగు వారాల్లో ఎలుకలు నడిచాయి. అయితే ఆ ఇంజెక్షన్ ఇచ్చింది గాయమైన మర్నాడు. రోజులు గడిచేకొద్దీ దెబ్బ తగిలిన చోట మచ్చ గట్టిపడి నరాలకు అడ్డుపడుతుంది. మనుషుల్లో వెన్నుపాము గాయానికి ఆమోదం పొందిన నానో మందు ఇంకా రాలేదు. ఉందని డబ్బు అడిగేవాళ్లను మామయ్య దగ్గరికి రానివ్వకు.

ఇక చదువు. పేరులో నానో ఉందని ఏ డిగ్రీలోనూ చేరొద్దు. మందును ఏ కొవ్వు బుడగలో పెట్టాలి, వెన్నుపాము చుట్టూ రక్తనాళాలు కట్టిన అడ్డుగోడను ఎలా దాటించాలి, ఎంతసేపటికి విడుదల చేయాలి, ఇదంతా ఫార్మాస్యూటిక్స్, అంటే మందు తయారుచేసే శాస్త్రం పని. అందుకే ఈఏపీసెట్ రాసి బీఫార్మసీలో చేరు. నాలుగేళ్లయ్యాక జీప్యాట్, నైపర్ జేఈఈ అనే ప్రవేశ పరీక్షలు రాస్తే హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లో పీజీ చేయొచ్చు. ఆ తర్వాత పీహెచ్‌డీ. మొత్తం పదేళ్లు దాటుతుంది. పరిశోధన విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది కాబట్టి ఇంటిమీద భారం పడదు.

ల్యాబ్‌లో ఓపిక చాలా కావాలి. సాయంత్రం సీసాలో పలచటి పాలలా ఉన్న మందు, తెల్లారేసరికి రేణువులు ముద్దకట్టి అడుగున చేరి ఉంటుంది. మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆ పని మీద నీకు ఇష్టం ఉంటేనే ఇటు రా. రోగి పక్కన ఉండి నయం చేయాలనిపిస్తే మీవాళ్ల మాటే సరైనది. ఎంబీబీఎస్ తర్వాత ఫిజికల్ మెడిసిన్‌లో (పునరావాస వైద్యంలో) ఎండీ ఉంది. ఫిజియోథెరపీ కూడా మంచి చదువే.

ఇక మామయ్య సంగతి. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది ఆమె చొరవతోనే. నీకు వీలున్నప్పుడు మామయ్యను ఒకసారి అక్కడ చూపించండి. కుర్చీలోకి మారడం, మూత్రం ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం నేర్పిస్తారు. ఈలోగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ ఉండండి, పుండ్లు పడనివ్వకండి.