మీవాడు చెప్పిన బ్రాంచ్ వేరండీ

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. అబ్బాయి ఒంగోలులో బీటెక్ సీఎస్ఈ రెండో ఏడాది. "బ్రాంచ్ మెర్జ్ చేస్తే కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, ప్రాజెక్టు పోయింది" అని అన్నం మానేశాడు. ఈసీఈకి మార్చమంటారా? పొగాకు బేళ్లు అమ్మిన డబ్బుంది, హైదరాబాద్‌లో డెవాప్స్ కోర్సు చేయించమంటారా? పోల్చి చెప్పండి.

జవాబు: వాడి బ్రాంచ్‌కీ, మీరు కౌన్సెలింగ్‌లో పెట్టిన బ్రాంచ్‌కీ సంబంధమే లేదు. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ గిట్. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ పని కోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో రాశాడు. నలుగురు చేసే ప్రాజెక్టులో ఎవరి పని వాళ్లు విడిగా చేసుకోవడానికే గిట్‌లో బ్రాంచ్. మీవాడు చెప్పింది ఆ బ్రాంచే.

పెళ్లి పిలుపుల జాబితా అనుకోండి. మీరొక కాపీ, మీ బావమరిది ఒక కాపీ తీసుకున్నారు. ఆయన మొదటి పేజీలో దర్శి వాళ్లని చేర్చాడు, మీరు చివరి పేజీలో కనిగిరి వాళ్లని కొట్టేశారు. అసలు జాబితా పక్కన పెట్టుకుని చూస్తే రెండూ సుఖంగా కలుస్తాయి. అదే మెర్జ్. పెదమామయ్య పేరు పక్కన ఆయన 'ఇద్దరు' అని, మీరు 'ఇంటిల్లిపాదీ' అని దిద్దితే? కాగితం తేల్చలేదు, మనిషే తేల్చాలి. గిట్ కూడా రెండు రాతలూ చూపించి, గుర్తులు వేసి ఆగుతుంది. కాన్‌ఫ్లిక్ట్ అంటే ఇంతే. నిజానికి గిట్ కాపీ కూడా తీయదు, బ్రాంచ్ అంటే ఒక కమిట్‌కి, అంటే అప్పటిదాకా చేసిన పనిని గిట్‌లో భద్రపరిచిన మెట్టుకి, తగిలించిన పేరు చీటీ.

అబ్బాయికి చెప్పండి: మెర్జ్ మధ్యలో ఆగి ఉంటే 'గిట్ మెర్జ్ --అబార్ట్' కొట్టాలి. పూర్తయిపోతే 'గిట్ రెఫ్‌లాగ్'లో పాత కమిట్ వెతుక్కోవాలి. కమిట్ చేయని మార్పులకి మాత్రం ఆ భరోసా లేదు.

ఇక డెవాప్స్, అంటే రాసిన సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీదికి చేర్చి నడిపే పని. నాకు దీని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. నడుస్తున్న సర్వర్లను నిన్నగాక మొన్న కాలేజీ దాటినవాడి చేతిలో ఎవరు పెడతారండీ? లినక్స్, నెట్‌వర్కింగ్ రాకుండా డాకర్, జెంకిన్స్, కుబెర్నెటీస్ అని ఆ పనిలో వాడే టూల్స్ పేర్లు బట్టీ పట్టి వచ్చి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే నీళ్లు నమిలే పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. పైగా ఆ కోర్సులోనూ ముందు ఎదురయ్యేది ఈ గిట్టే. ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినా ఇదే కాన్‌ఫ్లిక్ట్.

కోపం తెచ్చుకోకండి. వాడు తిండి మానేసి కూర్చుంటే మీరు ఫీజు లెక్కలు వేస్తున్నారు. ఏం జరిగిందిరా అని ఒక్కసారి అడిగారా? పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకీ కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తాయి, దిద్దుకుని టీకి వెళ్తారు.

ఈ ఆదివారం ఇంటికి పిలవండి. ఖాళీ ఫోల్డర్‌లో ఆ పెళ్లి జాబితానే టైప్ చేసి, రెండు బ్రాంచ్‌లు తీసి, కావాలనే ఒకే వరుసను రెండు రకాలుగా మార్చి మెర్జ్ చేయమనండి. పెదమామయ్య ఇంటి నుంచి ఎందరొస్తారో మీరు చెప్పండి.