ఏ అప్పు మంచిదని అడిగారు, జీతం ఆగితే ఎన్ని రోజులని అడగలేదు

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్ నిజాంపేటలో 2009లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో సొంత ఫ్లాట్ ఉంది. సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. నెలకు 1,18,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ 38,400, ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలి. ఇంటి ఖర్చు 35,000, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు ఏడాదికి 2,60,000, టర్మ్ పాలసీకి నెలకు 1,500, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్‌లకు 12,000 పోతాయి. పొదుపు ఖాతాలో 85,000, మ్యూచువల్ ఫండ్లలో 4,10,000, పీఎఫ్‌లో 11 లక్షలు ఉన్నాయి. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిన 5 లక్షలే. మాస్టర్ బెడ్‌రూమ్ బాత్‌రూమ్ నుంచి తమ సీలింగ్‌కు చెమ్మ దిగుతోందని కింది ఫ్లాట్ వాళ్లు ఏడాదిగా చెబుతున్నారు. ఎలాగూ పగలగొట్టాలి కాబట్టి, ఎన్నేళ్లయినా పాతబడినట్టు కనిపించని విధంగా మొత్తం కొత్తగా చేయించుకోవాలని అనుకుంటున్నాం. ఇంటీరియర్ సంస్థ పన్నులతో కలిపి 6,50,000 ఎస్టిమేట్ ఇచ్చింది. వ్యక్తిగత రుణం 14 శాతానికి, ఐదేళ్లకు మంజూరైంది. ఈఎంఐ కోసం సిప్‌లు కొంతకాలం ఆపుతాను. వచ్చే నెల రావలసిన 1,40,000 బోనస్‌తో వార్డ్‌రోబ్ మార్చాలని ఉంది. మాతోనే ఉండే అమ్మకు 69 ఏళ్లు, షుగర్ ఉంది. కామన్ బాత్‌రూమ్‌లో ఒకసారి జారిపడటంతో ఈ పని త్వరగా చేయించాలనిపించింది. వ్యక్తిగత రుణమా, ఇంటి రుణం మీదే అదనంగా తీసుకునే టాపప్ అప్పా, పీఎఫ్ తీయడమా, ఏది మంచిది?

జవాబు: మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం అందులోని ఒక మాట. "ఎలాగూ పగలగొట్టాలి కాబట్టి" అన్నారు. మరమ్మతుతో మొదలై అప్పుతో ముగిసే కథలన్నింటిలోనూ ఈ "ఎలాగూ" ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. మీరు పంపిన ఎస్టిమేట్‌లో పాత టైల్స్ పగలగొట్టి చెత్త తరలించడానికి 38,000, వాటర్‌ఫ్రూఫింగ్‌కు 32,000, పైపుల పనికి 58,000 వేశారు. చెమ్మ ఆపడానికి కావలసింది ఈ మూడు పద్దులే, మొత్తం 1,28,000. మిగిలిన 5,22,000 రూపాయల్లో చాలా భాగం ఆ ఒక్క మాట ఖరీదు.

ఇప్పుడు మీరు అడగని లెక్క చూద్దాం. ఇంటి రుణం, స్కూలు ఫీజు, ఇంటి ఖర్చు, టర్మ్ ప్రీమియం కలిపితే, ఉద్యోగం ఉన్నా లేకపోయినా ఆపలేని ఖర్చు నెలకు సుమారు 96,500 రూపాయలు. మీ ఖాతాలో ఉన్నది 85,000. అంటే రేపు జీతం ఆగితే మీ కుటుంబం 26 రోజులు నడుస్తుంది. 14 శాతానికి తీసుకునే రుణం మీద నెలకు 15,124 చొప్పున ఈఎంఐ మొదలైతే ఆ 26 రోజులు 23 అవుతాయి. రెండు ఈఎంఐలు కలిపి జీతంలో 45 శాతం దాటుతాయి. ఐదేళ్లలో వడ్డీ కింద కట్టేది సుమారు 2,57,000, అంటే ఇంకో బాత్‌రూమ్‌కు సరిపడే డబ్బు. బ్యాంకు ఇంత ఇస్తానంది కాబట్టి ఇంత భరించగలననుకోవడం మీరొక్కరే చేస్తున్న పొరపాటు కాదు. బ్యాంకు ముఖ్యంగా చూసేది మీ జీతం చీటీనీ, క్రెడిట్ స్కోరునూ. మీ సంస్థలో వచ్చే ఏడాది ఏ ప్రాజెక్టు ఉంటుందో, ఏది ఊడుతుందో దానికి తెలియదు, అక్కరా లేదు. ఇలాంటి పూచీలేని వినియోగ రుణాలు మరీ వేగంగా పెరుగుతున్నాయనే కదా, 2023 నవంబరులో రిజర్వ్ బ్యాంకు వాటి రిస్క్ వెయిట్‌ను, అంటే అప్పుకు తగ్గట్టు బ్యాంకు ఎంత మూలధనం ఉంచుకోవాలో తేల్చే కొలతను, 100 నుంచి 125 శాతానికి పెంచింది!

నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం ఇలాగే అప్పు చేసి రెండు బాత్‌రూమ్‌లు కొత్తగా కట్టించుకుంది. ఏడో ఈఎంఐ కట్టిన నెలలోనే ఆయన ఉద్యోగం పోయింది. నేను వాళ్లింటికి వెళ్లేసరికి షవర్ గాజు తలుపు మీద కంపెనీ స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది, ఆయన భార్య చేతికి ఉండవలసిన బంగారు గాజులు మాత్రం తాకట్టులో ఉన్నాయి. స్కూలు ఫీజు క్రెడిట్ కార్డు మీద కట్టి, బిల్లులో కనీస మొత్తం మాత్రమే చెల్లిస్తూ, మిగిలిన దాని మీద నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42 శాతం వడ్డీ మోస్తున్నారు. ఆ ఇంటికి కావలసింది తక్కువ వడ్డీ అప్పు కాదు, ఎవరినీ అడగకుండా తీసుకోగల ఆరు నెలల ఖర్చు.

మీకు ఆ నిధి 5,80,000 ఉండాలి. మీ చేతిలో ఉన్నది తీసేస్తే ఇంకా కావలసింది 4,95,000. మ్యూచువల్ ఫండ్లలో 4,10,000 ఉన్నాయి కదా అని మీరు అంటారని తెలుసు. వాటిని నేను ఈ లెక్కలోకి తీసుకోను. 2020 జనవరి, మార్చి మధ్య సెన్సెక్స్ మూడో వంతుకు పైగా పడిపోయింది. ఉద్యోగాలకు ఎసరు వచ్చిందీ, జీతాల్లో కోతలు పడ్డదీ ఆ రోజుల్లోనే. మార్కెట్ పడిపోయే కాలమూ, కంపెనీలు మనుషులను తగ్గించుకునే కాలమూ చాలాసార్లు ఒకటే అవుతాయి. అలాంటప్పుడు నష్టానికి అమ్ముకోవలసి వచ్చే డబ్బును అత్యవసర నిధి అనలేం.

బాత్‌రూమ్ పనే వద్దని నేను అనడం లేదు. కింది వాళ్ల సీలింగ్ తడుస్తుంటే మీరు ఊరుకోకూడదు. కొన్నాళ్లకు స్లాబ్‌లో ఇనుము తుప్పు పట్టి, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు ఖర్చూ తగాదా రెండూ పెరుగుతాయి. కాబట్టి బోనస్‌ను వార్డ్‌రోబ్‌కు కాక ఈ పనికి మళ్లించండి. ఎస్టిమేట్‌లోని మొదటి మూడు పద్దులతో పాటు టైల్స్ కూడా ఇప్పుడే వేయించండి, ఎందుకంటే నేలతో పాటు గోడల కింది వరుసలు కూడా తీస్తే తప్ప వాటర్‌ఫ్రూఫింగ్ సరిగా కుదరదు, రెండోసారి పగలగొట్టడం దండగ.

అయితే టైల్స్ పద్దును ఒకసారి నిదానంగా చూడండి. మీ బాత్‌రూమ్ 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. నేల 40 చదరపు అడుగులు. గోడలకు 7 అడుగుల ఎత్తు వరకు వేసి, తలుపు ఖాళీ తీసేస్తే సుమారు 165. కోతల్లో పోయే పది శాతం కూడా కలిపితే 225 చదరపు అడుగులు. దీనికి ఎస్టిమేట్‌లో 1,12,000 వేశారు, అంటే అడుగుకు దాదాపు 500 రూపాయలు. అడుగు 65 రూపాయల్లో గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే సాదా తెల్లటి గోడ టైల్, జారని మ్యాట్ నేల టైల్ తీసుకుంటే సరుకు ఖరీదు 14,625. మేస్త్రీ కూలీ, అంటించే అడ్హెసివ్, సందుల్లో నింపే ఎపాక్సీ గ్రౌట్ కలిపినా 45,000 దాటనివ్వకండి. నిజానికి ఏళ్లు గడిచినా పాతబడని బాత్‌రూమ్ అంటే కూడా ఇదే. ఒకప్పుడు డార్క్, లైట్, మధ్యలో హైలైటర్ అని మూడు వరుసలు పెట్టడం గొప్పగా ఉండేది. నేనూ మా ఇంట్లో మెరూన్, క్రీమ్ వేయించి, నడుమ పూలతీగ హైలైటర్ పెట్టించాను. మూడేళ్లకు గోడలో ఉండి నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించే డైవర్టర్ కారి ప్లంబర్ రెండు టైల్స్ పగలగొట్టాడు. ఆ డిజైన్ అప్పటికే ఆగిపోయింది. ఆ తీగ మధ్య రెండు తెల్ల ముక్కలు పెట్టుకుని ఆరేళ్లు స్నానం చేశాం. మీరు ఏ టైల్ కొన్నా ఒక పెట్టె మిగిల్చి అటక మీద పెట్టుకోండి.

ఎస్టిమేట్‌లోని నల్లటి మ్యాట్ కుళాయిల గురించి కూడా ఒక మాట. మీది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్ అయితే ఆరు నెలల్లో వాటి మీద తెల్లటి సున్నపు చారలు తేలతాయి, ఆమ్లంతో రుద్దితే పూత పోతుంది. క్రోమ్ కుళాయి మీద అదే చార తుడిస్తే పోతుంది. బేసిన్ కింద గట్టుకు చీమకుర్తి నల్ల గ్రానైట్ పలక వేస్తే మీ పిల్లల పెళ్లిళ్ల నాటికీ అలాగే ఉంటుంది. పాత తెల్ల కమోడ్ పగలకుండా తీయించి, శుభ్రం చేయించి, మళ్లీ అదే చోట బిగించండి. చోటు మార్చాలంటే డ్రైనేజీ లైను కూడా మార్చాలి, ఖర్చంతా అక్కడే పెరుగుతుంది. షవర్ ప్యానెల్, గాజు పార్టిషన్, ఎల్‌ఈడీ అద్దం లాంటివి తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. వాటికి కావలసిన పైపు, కరెంటు పాయింట్లు మాత్రం ఇప్పుడే వదిలించి, పైపులకు ఎండ్ ప్లగ్‌లు వేయించండి. అలా చేస్తే అప్పుడు గోడను మళ్లీ తొలచనక్కర్లేదు.

ఈ లెక్కన పని 1,73,000లో అవుతుంది. అన్నట్టు, అమ్మగారు జారిపడింది కామన్ బాత్‌రూమ్‌లో. మీ ఎస్టిమేట్‌లో ఆ గదికి ఒక్క రూపాయి కూడా కనిపించలేదు. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడలోకి గట్టిగా బిగించే స్టీల్ కడ్డీలు రెండు, జారని రబ్బరు మ్యాట్ ఒకటి ఈ వారంలోనే పెట్టించండి. దానికి ఏ రుణమూ అక్కర్లేదు.

బోనస్ 1,40,000 పోగా మిగిలిన 33,000ను, సిప్‌లు కూడా ఆపితే మిగిలే డబ్బుతో రెండు నెలల్లో సర్దుకోండి. ఖర్చులన్నీ పోను మీకు నెలకు సుమారు 9,400 మిగులుతోంది. సిప్‌లు ఆపమని నేను సాధారణంగా ఎవరికీ చెప్పను, కానీ అప్పు కట్టడానికి ఆపడానికి మీరే సిద్ధపడ్డారు కాబట్టి, అదే 12,000ను నిధికి మళ్లించండి. అప్పుడు నెలకు 21,400 పక్కన పడుతుంది. మొదటి రెండు నెలలు పని ఖర్చుకు పోయాక, వచ్చే ఏడాది బోనస్‌ కూడా కలిపితే 17 నెలల్లో 4,95,000 పూర్తవుతుంది. టైల్స్ కోసం 60 నెలలు కట్టడానికి ఒప్పుకున్న మనిషికి ఇందుకు అందులో మూడో వంతు కాలం కూడా పట్టదు.

ఈ డబ్బు ఎక్కడ పెట్టాలన్నది మీకు తెలియనిది కాదు. స్వల్పకాల రుణపత్రాల్లో పెట్టే లిక్విడ్ ఫండ్లలో కొంత పెట్టినా, వాటి నుంచి తక్షణం వెనక్కి తీసుకునే సౌకర్యానికి రోజుకు 50,000 పరిమితి ఉంది కాబట్టి కనీసం ఒక నెల ఖర్చు బ్యాంకు ఖాతాలోనే ఉంచండి. ఆ ఖాతా మీ భార్యతో ఉమ్మడిగా, ఎవరైనా తీసుకునే విధంగా ఉండాలి. ఐసీయూ బయట ఆవిడ నిలబడి ఉండగా, ఓటీపీ లోపల మీ చొక్కా జేబులోని ఫోనుకు వస్తే ఏం ప్రయోజనం?

కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. కుటుంబమంతటికీ కలిపి వర్తించే సొంత ఫ్లోటర్ పాలసీ ఒకటి ఇప్పుడే తీసుకోండి, అమ్మగారికి విడిగా తీసుకోండి. షుగర్ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగవలసి రావచ్చు కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. వ్యక్తిగత, కుటుంబ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఈ ప్రీమియం వల్ల 17 నెలలు 20 అయినా ఫరవాలేదు.

ఇక మీరు అడిగిన రుణాల సంగతి. టాపప్ 9 శాతానికి 15 ఏళ్లకు దొరికిందనుకుంటే ఈఎంఐ 6,593 మాత్రమే, కానీ వడ్డీ 5,37,000 అవుతుంది. తక్కువ ఈఎంఐ చూసి సంతోషించేవారు ఈ రెండో అంకె చూడరు. మరమ్మతు రుణం వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 వరకే మినహాయింపు, కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి అదీ లేదు. పీఎఫ్ తీయడానికి నిబంధనలు ఒప్పుకోవచ్చు, 43 ఏళ్ల వయసులో నేను ఒప్పుకోను. బంగారం తాకట్టు ఆఖరి దారి, దాన్ని కుళాయిల కోసం వాడకండి. కుళాయిల షోరూమ్‌లో వడ్డీ లేని ఈఎంఐ అంటారు. అలాంటిది అసలు లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది.

ఈ ధర నెలాఖరు వరకే అని ఇంటీరియర్ సంస్థ తొందరపెడుతోందని రాశారు. సంతకం చేయడానికి ముందు ఈ శనివారం ఒక పని చేయండి. నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌ను గట్టిగా మూసి, నేల మీద రెండంగుళాల నీళ్లు నిలిపి, గోడ మీద మట్టం గీత గీయండి. 24 గంటలు ఆ బాత్‌రూమ్ వాడకండి. గీత కిందకి నీళ్లు బాగా దిగి, కింది వాళ్ల సీలింగ్ తడి పెరిగితే లోపం నేలలో ఉంది. నీళ్లు అలాగే నిలిచినా కింద చెమ్మ కొనసాగితే కారుతున్నది గోడలోని పైపు కావచ్చు. ప్లంబర్‌తో ప్రెజర్ టెస్ట్ చేయించి అదేనని తేలితే, ఒక గోడలో కొంత భాగం తెరిస్తే సరిపోతుంది, పైన చెప్పిన 1,73,000 మొత్తం కూడా మీకు అక్కర్లేకపోవచ్చు. ఫలితం ఏమైందో రాయండి.