టేపుతో పాటు ఊడొచ్చిన తెల్లరంగు: సమాధానం

తమ్ముడూ, నువ్వు రంగేస్తున్న చెక్క ఓడ బొమ్మ ఫొటో చూశాను. టేపు లాగితే తెల్లరంగు పెచ్చులుగా ఊడింది, మిగిలినచోట చేత్తో రుద్దితే గరుకుగా ఉంది అన్నావు కదా. రంగు తప్పేం లేదు. చెక్కకు సీలర్ (రంగుకు ముందు చెక్క రంధ్రాలు మూసే పూత) పడలేదు, అంతే. పచ్చి చెక్కకు నీళ్ల రంగు తగలగానే నూగు లేస్తుంది.

మొత్తం 320 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, శాండింగ్ సీలర్ పల్చగా రెండుసార్లు పట్టించు. ఆరాక వేలితో తడిమి చూడు, గోరు జారిపోవాలి. అప్పుడే రంగు. మన అనంతపురం ఎండకు ఆక్రిలిక్ (నీళ్లతో కలిపే రంగు) కుంచె మీదే ఆరిపోతుంది, రంగులో కుంచె గీతలు పడేది అందుకే. నేనైతే పొద్దున్నే ఫ్యాను ఆపేసి, పాలలా పల్చన చేసి నాలుగైదు పూతలు వేస్తాను. (ఫ్యాను ఆపితే ఇంట్లో తిట్లు మామూలే.)

నీటిగీత (ఓడ నీళ్లలో మునిగే మట్టం) దగ్గర టేపు అతికించాక, అంచు మీద ముందు ఆ తెల్లరంగే ఒకసారి పూయి. సందులుంటే అదే పూడుస్తుంది. తర్వాత నల్లరంగు వేసి, పూర్తిగా గట్టిపడకముందే టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగు.

ఓడ పాతదిలా కనిపించడానికి నల్లరంగు వాష్ (బాగా పల్చన చేసిన రంగు పూత) వద్దు, మసిబారినట్టు ఉంటుంది. ముదురు గోధుమరంగు వాడి, తడి కుంచెతో పైనుంచి కిందికి లాగు. తుప్పు చారలు లంగరు, ఇనుప పట్టీల కిందే. 1761లో బ్రిటిష్ వాళ్లు అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగిరేకులు కొట్టారు. నీ ఓడా అలాంటిదైతే అడుగున తెలుపు కాదు, రాగిరంగు వేయాలి.