కొలిచే కోడ్‌ను సమీక్షిస్తున్న అమ్మాయికి

అమలాపురం

అమ్మాయీ,

నువ్వు పంపిన మొదటి సమీక్ష రెండుసార్లు చదివాను. వరుసల మధ్య ఖాళీలు, చరరాశుల పేర్లు, అక్షరదోషాలు అన్నీ చక్కగా పట్టావు. అవన్నీ నిజమైన తప్పులే. కానీ ఆ ప్యాచ్ (చేర్చమని పంపిన కోడ్ మార్పు) చేసే పని ఒకటే: ప్రతి క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రతి ప్రశ్నకు, జవాబు తెచ్చే దారిని ఎంచే ప్లానర్ ఎంత సమయం తీసుకుందో కొలిచి దాచిపెట్టడం. ఆ అంకె సరిగ్గా దేన్ని లెక్కపెడుతుందో నీ సమీక్షలో ఎక్కడా లేదు. నేను నీకు రాయదలచుకున్నది దాని గురించే.

మీ తాతయ్య కాలువ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసేవారని నీకు తెలుసు. ధవళేశ్వరం నుంచి మధ్య డెల్టాకు వచ్చే నీటి మట్టాన్ని రోజూ పొద్దున్నే గేజి కర్ర మీద చూసి రిజిస్టరులో రాసేవారు. ఒక ఏడాది రిజిస్టరులో మట్టం నిండుగా ఉంది, శివారు చేలు మాత్రం నెర్రెలిచ్చాయి. రైతులు వచ్చి నిలదీశారు. తాతయ్య కాలువ గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళి చూస్తే, దిగువన గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని నీటిని ఆపేసింది. ఆగిన నీరు ఎగదన్ని కర్ర దగ్గర మట్టాన్ని పెంచింది. కర్ర మీద అంకె నిజమే. దాన్ని ప్రవాహంగా చదువుకున్నవాళ్ళు పొరబడ్డారు.

కోడ్‌లో కొలిచే అంకెలనూ ఇలాగే తప్పుగా చదువుతారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో క్వెరీల గణాంకాలు దాచే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌ను చూడు. ప్లానింగ్ సమయాన్ని కొలిచే సదుపాయం దానికి 13వ వెర్షన్‌లో, 2020లో వచ్చింది. అందులో ప్లాన్ ఎన్నిసార్లు వేశారన్నది ఒక గడి, ఎన్నిసార్లు నడిపారన్నది మరో గడి. ఈ రెండూ సమానంగా ఉండాలని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఉండనవసరం లేదు. ప్లాన్ పూర్తయ్యాక నడుస్తూ మధ్యలో విఫలమైన క్వెరీ మొదటి గడిలో మాత్రమే పడుతుంది. ప్రిపేర్ చేసిన క్వెరీ, అంటే ఒకసారి సిద్ధం చేసి విలువలు మారుస్తూ పదేపదే నడిపే క్వెరీ, సంగతి వేరు. మొదటి ఐదుసార్లు ఇచ్చిన విలువలకు తగినట్టు ప్లాన్ వేస్తారు. ఆ తర్వాత ఏ విలువలకైనా పనికొచ్చే ప్లాన్ ఖర్చు అంతకంటే ఎక్కువ కాదని తేలితే దాన్నే దాచుకుని వాడతారు. అప్పటినుంచి రెండో గడి ఒక్కటే పెరుగుతుంది. మొత్తం ప్లానింగ్ సమయాన్ని నడిపిన సంఖ్యతో భాగించినవాడికి తప్పుడు సగటు వస్తుంది. ఇంకో చిక్కు ఉంది: ఈ కొలత ఆపి ఉన్నప్పుడు ఆ గడులలో సున్నా కనిపిస్తుంది. ప్లానింగ్‌కు సమయమే పట్టలేదని చదివేవారు అనుకోవచ్చు. ఇవన్నీ వివరణ పత్రంలో స్పష్టంగా ఉన్నాయా అని అడగడం నీ పని.

ఇక నువ్వు తొందరగా దాటేసిన చోటు. ప్లానర్ పని చేస్తూ ఉండగానే ఇంకో క్వెరీ పుట్టవచ్చు. ఒకే విలువలకు ఎప్పుడూ ఒకే ఫలితం ఇస్తానని హామీ ఇచ్చిన ఫంక్షన్‌ను ప్లానర్ ముందే లెక్కకట్టేస్తుంది. ఆ ఫంక్షన్ లోపల క్వెరీ ఉంటే దానికీ ప్లాన్ వేయాలి, దాన్నీ నడపాలి. అందుకే ప్లానర్‌లోకి వెళ్ళేముందు కోడ్ లోతును, అంటే క్వెరీ లోపల క్వెరీగా ఎన్ని మెట్లు దిగామో చెప్పే అంకెను, ఒకటి పెంచాలి, బయటికి వచ్చాక తగ్గించాలి. పెంచకపోతే లోపలి క్వెరీ కూడా నేరుగా అడిగిన పై స్థాయి క్వెరీగా లెక్కకు వస్తుంది. మధ్యలో లోపం వచ్చినప్పుడు తగ్గించకపోతే ఇంకా ఘోరం: పై స్థాయి క్వెరీలనే లెక్కపెట్టే అమరికలో ఆ సెషన్ (ఆ కనెక్షన్) ఎప్పటికీ లోపలే ఉన్నట్టు భ్రమపడి, ఆపై వచ్చే క్వెరీలను చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. కోడ్ చదివి సరిగ్గా ఉందనుకోవద్దు. అదే హామీతో, సున్నాతో భాగించే ఒక ఫంక్షన్ రాసి, ప్లానింగ్‌లోనే లోపం వచ్చేలా చెయ్యి. తర్వాత అదే సెషన్‌లో మామూలు క్వెరీ ఒకటి నడిపి, అది గణాంకాల పట్టికలోకి ఎక్కిందో లేదో చూడు.

కొలతకు అయ్యే ఖర్చు కూడా చూడాలి. పోస్ట్‌గ్రెస్‌లోనే ఇది మొదట ఆన్‌లో ఉండేలా పెట్టి, వేగం తగ్గుతోందని తేలాక విడుదలకు ముందే ఆఫ్‌కు మార్చారు. ఒకే రూపంలోని క్వెరీని అనేక కనెక్షన్లు ఒకేసారి నడిపితే, అన్నీ ఆ పట్టికలో ఒకే వరుసను సవరించడానికి పోటీపడతాయి. నీ లాప్‌టాప్‌లో ఒక్క కనెక్షన్‌తో పరీక్షిస్తే ఇది కనిపించదు. పోస్ట్‌గ్రెస్ వేగాన్ని పరీక్షించే పీజీబెంచ్‌లో చదివే క్వెరీలు మాత్రమే పెట్టి, కనెక్షన్లు పెంచుకుంటూ పో. కొలత ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చిన అంకెలను పక్కపక్కనే రాయి.

పాత గడుల పేర్లు మారితే వాటిని నమ్ముకున్న స్క్రిప్టులు ఆగిపోతాయి. అదే 13వ వెర్షన్‌లో మొత్తం సమయం గడి పేరు మారింది కూడా. ఈ ప్యాచ్ అలాంటి పేర్లు మారుస్తుందా అని ఒక్క వాక్యంలో అడిగితే చాలు.

సమీక్ష రాసే తీరు గురించి ఒక మాట. "బాగానే ఉంది" అని రాయకు, "ఇది తప్పు" అనీ రాయకు. ఏం నడిపావో, ఏం వస్తుందనుకున్నావో, ఏం వచ్చిందో రాయి. ఆ ప్యాచ్ రాసిన మనిషి వారాల తరబడి దానితో కూర్చుని ఉంటారు. నీ సమీక్ష తెరవగానే ఖాళీల గురించిన వ్యాఖ్యలు కనిపిస్తే వారి మనసు అక్కడే చిన్నబోతుంది. వాటిని చివర్న ఒకేచోట పెట్టు. లోపాన్ని బయటపెట్టే పరీక్షను పైన పెట్టు. నీకు అర్థంకాని చోట ప్రశ్నగానే అడుగు. అడిగినందుకు ఎవరూ నిన్ను తక్కువగా చూడరు.

రెండో సమీక్ష పంపేటప్పుడు ఆ సున్నా ఫంక్షన్ స్క్రిప్టును కూడా జతచెయ్యి. ఇక్కడ నా కంప్యూటర్‌లో నేనూ నడిపి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి